ఐసు కిందికి తేవడం మానేసిన ఉకుకులు

పెరూ అంటే మనవాళ్ళకి మాచు పిచ్చు ఒక్కటే గుర్తొస్తుంది, నేను మాత్రం కుస్కో దగ్గర సినకారా లోయలో జరిగే కొయ్‌ల్యుర్ రితి జాతర గురించి రాయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా. ఈస్టర్ అయ్యాక 58వ రోజున మొదలవుతుంది, అంటే పౌర్ణమికి దగ్గర్లోనే పడుతుంది, కొన్నాళ్ళు కనపడకుండా పోయిన కృత్తికలు మళ్ళీ ఆకాశంలోకి వచ్చే రోజులు కూడా అవే. బండి మావయాని అనే ఊరి దాకానే వెళ్తుంది, అక్కణ్ణుంచి 8 కిలోమీటర్లు నడిచి ఎక్కాలి. గుడి 4,600 మీటర్ల పైన ఉంది, నాలుగడుగులేస్తే ఆయాసం, మన పక్కనుంచే పెద్ద పెద్ద డ్రమ్ములు వీపున కట్టుకుని బ్యాండువాళ్ళు ఎక్కేస్తుంటారు!

గుళ్ళో కొలిచేది ఒక బండరాయిని, దానిమీద ఏసు రూపం ఉంటుంది. 1780లో అల్పాకాలు (ఉన్ని కోసం పెంచే జంతువులు) కాసుకునే మరియానో అనే పిల్లాడికి ఇక్కడ మాన్యువెల్ అనే తోడు దొరికాడని, ఆ మాన్యువెలే ఏసు అని, మరియానోని ఈ బండ కిందే పూడ్చారని చెప్తారు. అసలు అంతకుముందు నుంచే గుడి పైనున్న మంచుకొండని అక్కడివాళ్ళు దేవుడిగానే చూస్తారు, ఇప్పటికీ అంతే.

జనం 8 నేషన్లుగా, అంటే సొంత ప్రాంతాన్ని బట్టి జట్లుగా వస్తారు, పౌకర్‌తంబో, కాంచిస్ ఇలా, ఒక్కోదానికి సొంత డాన్సు గుంపులు, రాత్రీ పగలూ ఆట ఆగదు. ఈకల కిరీటాల చుంచోలు ఒకవైపు, లామాల (బరువులు మోసే జంతువులు) వ్యాపారుల వేషంలో కొల్యాలు ఇంకోవైపు. అందర్లోకీ నా మనసు దోచింది ఉకుకులు. సగం ఎలుగుబంటి సగం మనిషి అన్నమాట, ఒళ్ళంతా కుచ్చులు వేలాడే అంగీ, ఊలుతో అల్లిన ముసుగు, చేతిలో కొరడా, నడుముకి తనలాంటిదే ఓ చిన్న బొమ్మ. మాట్లాడితే సన్నగా కీచుగొంతు. బోనాల్లో పోతరాజులాగా వీళ్ళు కూడా కొరడాతో జనాన్ని దారిలో పెడతారు, తాగొచ్చినవాణ్ణి అస్సలు ఊరుకోరు.

నడిరాత్రి వీళ్ళు కోల్కెపుంకు హిమానీనదం మీదికి ఎక్కి, తెల్లారాక శిలువలు మోసుకుంటూ వరసగా దిగుతారు. ఒకప్పుడు వీపున ఐసు దిమ్మలు కూడా తెచ్చేవాళ్ళు, ఆ కరిగిన నీళ్ళు జబ్బులకి మందని ఊళ్ళకి తీసుకెళ్ళేవాళ్ళు. మంచు ఏటేటా వెనక్కి పోతోందని చూసి వాళ్ళే ఐసు తేవడం మానేశారు. కరిగించింది వాళ్ళు కాదు, అయినా మొక్కులో అంత ముఖ్యమైనదాన్ని వాళ్ళే వదులుకున్నారు, నాకైతే భక్తంటే ఇదే అనిపించింది. 2011లో యునెస్కో గుర్తింపు వచ్చింది, సంతోషమే, కానీ కొండమీద మంచు నిలవాలంటే అది సరిపోదు కదా.

ఇంకోటి, గుడి దగ్గర పెద్దవాళ్ళు కూడా నేలమీద కూర్చుని చిన్నచిన్న రాళ్ళతో ఇల్లు, దొడ్డి, పశువులు పేర్చి, బొమ్మనోట్లతో కొనుక్కుంటూ అమ్ముకుంటూ ఉంటారు, ఈ ఏడు ఏం కావాలో దేవుడికి అలా చెప్పుకోవడం. ఒకామె రాళ్ళతో గది కట్టి, దానికి గుమ్మం కూడా వదిలి, లోపల ఇంకో చిన్న రాయి పెట్టి సర్దుతూనే ఉంది, ఎంతసేపో చూశాను.

వెళ్ళాలనుకుంటే ముందు కుస్కోలో కొన్నాళ్ళు ఉండి ఒంటికి ఎత్తు అలవాటు చేసుకోండి, రాత్రిళ్ళు నీళ్ళు గడ్డకట్టేంత చలి, దుప్పట్లు ఎన్నున్నా చాలవు. ఫొటో తీసేముందు డాన్సర్లని అడగండి, వాళ్ళక్కడికి వచ్చింది మొక్కు తీర్చుకోడానికి.