పాలు ఎవరు పితుకుతారు?

టాంజానియా నుంచి వచ్చిన మసాయి (పశువుల్ని మేపుకుని బతికే తెగ) గాయకబృందం అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, విచిటాలో వరసగా నాలుగు రోజులు చర్చిల్లో పాడింది. ఐదో రోజు సెలవు. మాల్ చూపిస్తామంటే వాళ్ల పెద్దాయన ‘పశువుల్ని చూడాలి’ అన్నాడట. అలా వ్యాన్ నడిపే పని నా మీద పడింది. ఒంగోలు పక్కనే అమ్మమ్మగారి ఊరు కాబట్టి పశువుల సంగతి నాకూ తెలుసని ధీమా.

మే మొదటివారం. కాసొడే అనే ఊరి దగ్గర టర్న్‌పైక్ (టోల్ రోడ్డు) దిగి 177వ నంబరు రోడ్డెక్కితే ఇక చెట్లుండవు, ఎటు చూసినా గడ్డే. ఈ గుట్టల్ని ఫ్లింట్ హిల్స్ అంటారు. ఫ్లింట్ అంటే మన చెకుముకి రాయే. మట్టి పల్చన, కింద రాయి. నాగలి దిగలేదు కాబట్టి గడ్డి బతికిపోయింది. అమెరికా నడిబొడ్డున ఒకప్పుడు నిలువెత్తు గడ్డి పెరిగిన నేలలో ఇప్పుడు 4 శాతం కూడా మిగల్లేదు, ఉన్నదాంట్లో ఎక్కువ ఇక్కడే.

స్ట్రాంగ్ సిటీ దగ్గర, 1996లో రక్షిత ప్రాంతంగా ప్రకటించిన పాత రాంచ్‌లో ఆగాం. బైసన్‌లు దూరంగా నల్లచుక్కల్లా కనిపించాయి. ఎవరూ పట్టించుకోలేదు. అడవి జంతువులు వాళ్లకేం కొత్త? రాతితో కట్టిన మూడంతస్తుల కొట్టాన్ని చూసి మాత్రం ఆడవాళ్లు పగలబడి నవ్వారు. మసాయిల్లో ఇళ్లు కట్టేది ఆడవాళ్లే. పశువులకి ఇంత మేడా!

తర్వాత కంకర రోడ్డు మీదకి తిప్పాను. అది నా తెలివి. రెండు మైళ్లు వెళ్లామో లేదో చెకుముకి రాయి టైరుని కత్తిలా చీల్చింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. నాకు టెన్షన్, వాళ్లు మాత్రం హాయిగా దిగి, శుకాలనే ఎర్ర దుప్పట్లు భుజాల చుట్టూ బిగించుకుని ముళ్లతీగ కంచె దగ్గరికి నడిచారు. కాసేపటికి ఆ బీడు తాలూకు ఆసామి పికప్‌లో వచ్చి, ఏమీ అడక్కుండానే జాకీ తీశాడు.

కంచె అవతల నేల ఇంకా అక్కడక్కడా నల్లగా ఉంది, చీలమండ ఎత్తు కొత్త పచ్చిక. ‘తగలబెట్టారా?’ అని పెద్దాయన ప్రశ్న. బృందంలో ఇంగ్లీషొచ్చిన కుర్రాడు మాటలు అటూఇటూ చేరవేశాడు. ‘ప్రతి వసంతంలో.’ ‘పిడుదులు కూడా చస్తాయి కదా?’ ఆసామి చేతిలో పని ఆపి ఆయన్ని మొదటిసారి సరిగ్గా చూశాడు. ఆ తర్వాత నాతో ఎవరికీ పని లేకపోయింది. పెద్దాయన గుప్పెడు గడ్డి పీకి ఆసామి చేతిలో పెట్టాడు. వాళ్లలో అది శాంతికి, దీవెనకి గుర్తు. ఆసామి ఒక పరక నోట్లో పెట్టుకుని నమిలాడు.

మందలో ఒకదానికి చిన్న మూపురం, వేలాడే గంగడోలు. ‘ఇది మావైపుది!’ అన్నాడు పెద్దాయన. ‘మావైపుది కూడా’ అన్నాను, ఊరుకోలేక. ‘బ్రాహ్మన్ క్రాస్, టెక్సస్ నుంచి తెచ్చాం’ అన్నాడు ఆసామి. ఆ బ్రాహ్మన్ జాతిలో గిర్ లాంటి పశువులతో పాటు మన ఒంగోలు రక్తమూ ఉంది. ముగ్గురం దాన్ని మాదంటే మాదన్నాం.

‘400 తలలు’ అని ఆసామి లెక్క చెప్పాడు. కుర్రాడు నా చెవిలో, ‘మా పెద్దలు పశువుల్ని లెక్కపెట్టరు, మంచిది కాదంటారు’ అన్నాడు. అప్పుడొక పెద్దావిడ అడిగింది: ‘ఇన్నింటికి పాలు ఎవరు పితుకుతారు?’

అన్నీ విత్తులు కొట్టించిన కోడెలేనట. వసంతంలో లారీల్లో వస్తాయి, మూడు నెలలు మేసి పోతాయి. ‘మరి ఇంట్లోకి?’ ‘స్టోర్లో కొంటాం.’ ఆ మాట వాళ్ల భాషలోకి మారాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ నాలుక చప్పరించి, జాలిగా ఆయన చెయ్యి తట్టింది.

బోల్టులు బిగిస్తుంటే ఒకతను గొంతెత్తాడు. మిగిలినవాళ్లు కింది స్థాయిలో, ఊపిరినే దరువు చేసి అందుకున్నారు. కోడెలు మేత మానేసి ఒక్కొక్కటే వచ్చి తీగ పొడవునా నిలబడ్డాయి. చెవులు ముందుకి, ముక్కులు తడిగా. ఆసామి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

తిరుగు దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఆ పెద్దావిడకి పాలు కొనిచ్చాను. ఒక గుక్క తాగి డబ్బా తిప్పి చూసింది. దానిమీద పెద్ద అక్షరాల్లో 2 శాతం అని ఉంది. వెన్న తీసేస్తారని కుర్రాడు వివరించాడు. ఆవిడ డబ్బా నా చేతికిచ్చేసి ఏదో అంది, వ్యానంతా గొల్లుమంది.

‘ఏమంది?’ అన్నాను.

‘మిగతా 98 ఎవరు తాగారని అడుగుతోంది.’