మాంగోస్టీన్ పిక్కని ఎండబెట్టకండి

ఇంట్లో ఏ గింజ దాచాలన్నా అమ్మకి తెలిసిన పద్ధతి ఒకటే. బీర అయినా ఆనప అయినా కాయని తీగకే ముదరనిచ్చి, గింజలు తీసి బూడిద పట్టించి, ఎండబెట్టి సీసాలో పోస్తుంది. నాకూ అదే అలవాటైంది. అందుకే మొదటిసారి మాంగోస్టీన్ (ఊదా రంగు తొక్క, లోపల తెల్లటి తొనలు ఉండే పండు) తిన్నప్పుడు పిక్కలు కడిగి డాబా మీద పేపర్ పరిచి రెండు రోజులు ఎండబెట్టి, కుండీలో పెట్టి 40 రోజులు నీళ్లు పోశాను. తవ్వి చూస్తే నల్లగా అయిపోయి, వేలితో నొక్కగానే పొడిపొడి అయ్యాయి. మరుసటేడు ఆన్‌లైన్‌లో రాంబుటాన్ (లీచీ లాంటిదే, తొక్క మీద వెంట్రుకల్లాంటి ముళ్లుండే పండు) గింజల ప్యాకెట్ తెప్పించాను, ఎండి గలగలలాడుతున్నాయి, ఒక్కటి కూడా మొలవలేదు.

తప్పు మట్టిది కాదు, నాది కూడా పూర్తిగా కాదు, అసలు ఆ గింజల తీరే వేరు. మన బీర గింజ ఎండిపోయి వాన కోసం నెలల తరబడి ఎదురుచూడగలదు. మాంగోస్టీన్, రాంబుటాన్, కోకో లాంటివి ఏడాది పొడవునా తడి ఉండే అడవుల్లో పుట్టినవి, వాటికి ఎదురుచూడాల్సిన అవసరమే రాలేదు. లోపలి తేమ పోతే పిక్క చచ్చిపోతుంది. ఇలాంటి గింజలకి 1973లో ఇ. హెచ్. రాబర్ట్స్ అనే శాస్త్రవేత్త ‘రికాల్సిట్రెంట్’ అని పేరు పెట్టాడు, అంటే మాట వినని మొండి గింజలు. మనకి ఇది కొత్తేం కాదు, బాగా ముగ్గిన పనసపండు కోస్తే తొనలోనే మొలకెత్తిన పిక్క కనిపిస్తుంది కదా, అదీ ఈ జాతే.

ఆ తర్వాతి జూలైలో మళ్లీ మాంగోస్టీన్ పండ్లు కొన్నాను. పండు అడుగున చిన్న పువ్వులా ఒక గుర్తు ఉంటుంది, దాని రేకులు ఎన్నో లోపల తొనలు అన్ని, లెక్క పెట్టి చూడండి. చిన్న తొనల్లో తరచూ పిక్క ఉండదు, పెద్దదాంట్లో చూడాలి. లావుగా ఉన్నవి ఐదు ఏరి, గుజ్జు పీచు కూడా లేకుండా కడిగి (ఉంటే బూజు పడుతుంది, చీమలు కూడా వదలవు), పిండితే చుక్క కారనంత తడి ఉన్న కొబ్బరి పొట్టులో పెట్టి, మూత డబ్బాలో వేసి ఫ్రిజ్ మీద పెట్టాను. “ఏటే, ఎండబెట్టకుండా పాతేస్తావా, కుళ్లిపోవూ?” అంది అమ్మ.

మూడు వారాలకి మూడు మొలిచాయి. పిక్కకి ఒక కొస నుంచి వేరు, రెండో కొస నుంచి మొలక వచ్చాయి. కొన్నాళ్లకి మొలక మొదట్లో ఇంకో వేరు పుట్టింది, ఇక మొక్క బతికేది దాని మీదే, మొదటిది మెల్లగా ఎండిపోతుంది. ఆ రెండో వేరు తెల్లగా బయటికి వస్తుంటే రోజూ పొద్దున్నే డబ్బా మూత తీసి చూసేదాన్ని. ఇంకో వింత ఏంటంటే మాంగోస్టీన్ పిక్కకి తండ్రి చెట్టు అక్కర్లేదు, పరాగసంపర్కం లేకుండానే తయారవుతుంది కాబట్టి మొక్క అచ్చం తల్లే. రాంబుటాన్‌లో అలా కాదు, పెంచి పెంచి చివరికి మగ చెట్టు అని తేలొచ్చు.

తల్లివేరు నిలువునా దిగుతుంది, పక్కవేళ్లు తక్కువ, కాబట్టి మొదటి నుంచే లోతైన కుండీ పెట్టండి, మాటిమాటికీ మార్చకండి. మేముండేది ఎంవీపీ కాలనీలో, వైజాగ్‌లో చలి భయం లేదు గానీ వేసవి ఎండ, ఉప్పుగాలి కలిసి మొదటి ఏడాదే ఆకుల అంచులు మాడ్చేశాయి, ఒక మొక్క పోయింది కూడా. ఇప్పుడు మిగిలిన రెండింటినీ మెట్ల గది పక్కన, సముద్రం వైపు గోడ అడ్డం ఉన్న చోట, గ్రీన్ నెట్ కింద పెట్టాను. రెండేళ్లకి జానెడున్నర ఎత్తు వచ్చాయి, కాపుకి ఎనిమిది, పదేళ్లు పట్టొచ్చు. నిన్న పెద్దదానికి కొత్త జత ఆకులు విచ్చుకున్నాయి, ఇంకా లేత గులాబీ రంగులోనే ఉన్నాయి. అమ్మ ముట్టుకోబోతే వద్దన్నాను.