తోమని రూపాయి: పాత వెండి నాణేల మీద రంగును చదవడం

మన వైపు పాత వెండి రూపాయలు పెట్టెల్లోంచి బయటికి వచ్చేసరికి చాలావరకు తళతళలాడుతుంటాయి. లక్ష్మీపూజలో పెట్టే ముందు ఇంట్లో చింతపండు, విభూతి పెట్టి తోముతారు. అమ్మకానికి వస్తే వెండి దుకాణంలో కుంకుడు రసంలో నానేసి ఇత్తడి తీగల బ్రష్‌తో ఇంకోసారి రుద్దుతారు. కుంకుడు రసం తప్పేమీ లేదు, అది లోహాన్ని తినదు. చెడగొట్టేవి బ్రష్, విభూతిలోని గరుకు. రెండూ కంటికి ఆనని సన్న గీతలు వందలకొద్దీ పెట్టేస్తాయి. చింతపండు పులుపేమో పైపొరలోని రాగిని లాగేస్తుంది. అందుకే వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో టోనింగ్ (ఏళ్ళ తరబడి పడున్న వెండి మీద తేరే రంగు) ఉన్న నాణేలు వెతికేవాళ్ళు ముందు చూడాల్సింది ఇంద్రధనుస్సు రంగులు కాదు, ఎవరూ తోమని పైపొర, అంటే నాణెం చర్మం. రంగు ఎంత బాగున్నా కింద చర్మం పోయిన నాణెం కొనకండి. లేత బూడిద రంగులో ఉండి చర్మం నిలిచిన రూపాయి దానికంటే వెయ్యి రెట్లు మేలు.

ఇక్కడ దొరికే వెండి రూపాయలు ప్రధానంగా రెండు కుటుంబాలు. పెద్దవాళ్ళు కల్దార్ అనే బ్రిటిష్ ఇండియా రూపాయి, నిజాం హాలీ సిక్కా రూపాయి. కల్దార్ బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాత తులం, వెండి 91.7 శాతం. హాలీ సిక్కా 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు అనే పాత మారకం ఎక్కడినుంచి వచ్చిందో ఈ అంకెలే చెబుతాయి: అటు ఏడింటిలో, ఇటు ఆరింటిలో ఉన్న మేలిమి వెండి ఇంచుమించు 64 గ్రాములే. టోనింగ్‌కీ దీనితో సంబంధం ఉంది. హాలీలో రాగి రెట్టింపు కంటే ఎక్కువ కాబట్టి చార్మినార్ బొమ్మ ఉన్న ఆ నిజాం రూపాయలు గోధుమ, ఇటుక ఎరుపు వైపు మొగ్గుతాయి. పచ్చటి చిలుము చుక్కలు కూడా వాటికే తొందరగా వస్తాయి. నీలం, ఊదా బాగా తేరేవి ఎక్కువగా కల్దార్లే. 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి రూపాయల్లో వెండి సగమే, అందంగా టోన్ అయినవి అరుదు.

రంగు కంటే ముందు అసలో నకిలీయో తేల్చుకోవాలి. పెద్దగా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. 0.01 గ్రాము చూపే చిన్న కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, నీళ్ళలో పూర్తిగా మునిగేలా, అడుగు తగలకుండా వేలాడదీయండి. కల్దార్‌కి కాటా 1.13 చుట్టూ చూపాలి, హాలీ సిక్కాకి 1.10 చుట్టూ. అదే బరువుతో రాగి-నికెల్‌లో పోసిన నకిలీ అయితే 1.31 దాకా వెళుతుంది. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే అంకె పెరుగుతుంది, కాబట్టి దారాన్ని ఒకసారి కదిపి చూడండి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడండి. బోరు నీళ్ళలోని సున్నం ఆరాక తెల్లటి మరక వదులుతుంది. తీశాక మెత్తటి నూలు గుడ్డ మీద పెట్టి అద్దాలి, తుడవకూడదు.

ఇక రంగు సంగతి. గాలిలో, కాగితంలో, అట్టలో, గుడ్డలో ఉండే గంధకం వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే పల్చటి పొర కడుతుంది. వాన నీళ్ళ మీద డీజిల్ చుక్క పరుచుకున్నప్పుడు కనిపించే రంగుల్లాగే ఇవీ పొర మందాన్ని బట్టి వస్తాయి. ఆ పొరలో రంగు పదార్థమేమీ ఉండదు. అందుకే వాటికి ఒక వరస ఉంది. మొదట లేత పసుపు, తర్వాత బంగారు రంగు, తర్వాత ఎరుపు కలిసిన ఊదా, ఆపైన ముదురు నీలం, లేత నీలం. పొర ఇంకా మందమైతే రెండో విడత మొదలవుతుంది: మళ్ళీ పసుపు, గులాబీ, నెమలికంఠం, ఆకుపచ్చ. చివరికి నలుపు. ఆకుపచ్చ ఎప్పుడూ రెండో విడతలోనే వస్తుంది. కాబట్టి పక్కన మిగతా మెట్లేవీ లేకుండా తెల్లటి వెండి మీద ఒక్కసారిగా ఆకుపచ్చ కనిపిస్తే అనుమానించాల్సిందే.

కాగితం పొట్లంలో దశాబ్దాలు పడున్న రూపాయిని దగ్గరగా చూడండి. గాలి అంచునుంచి లోపలికి వెళుతుంది కాబట్టి అంచు దగ్గర నీలం, దాని లోపల ఊదా, ఇంకా లోపల బంగారు రంగు, మధ్యలో వెండి తెలుపు. వరస వలయాలుగా పరుచుకుని ఉంటుంది, ఒక రంగులోంచి ఇంకో రంగులోకి గీత గీసినట్టు కాక కరిగినట్టు మారుతుంది. అక్షరాల పక్కన, రాజు తల చుట్టూ వెంట్రుకవాసి మేర రంగు పట్టని తెల్లటి అంచు కనిపిస్తే సంతోషించండి. ముద్ర పడేటప్పుడు లోహం అక్కడ వేరే తీరుగా జారుతుంది, అందుకే టోనింగ్ అక్కడ ఆలస్యమవుతుంది. దీన్ని మోసగాళ్ళు సృష్టించడం చాలా కష్టం. రబ్బరు బ్యాండు వేసిన నాణెం మీద మాత్రం అడ్డంగా నల్లటి పట్టీ పడుతుంది. అది సహజమే, కానీ అందానికి పెద్ద దెబ్బ.

దొంగ రంగుకి పొటాషియం సల్ఫైడ్, అయోడిన్, ఉడికిన గుడ్డు పచ్చసొన, పొయ్యి సెగ, ఇలా ఎన్నో దారులు. పట్టుకోవడానికి పదిరెట్ల భూతద్దం చాలు. నాణెం మీది గీత లోపల కూడా పక్కనున్న రంగే ఉంటే ఆ రంగు గీత తర్వాత వచ్చిందన్నమాట. పాత గీతకి ఇది మామూలే. కానీ తోమిన గీతలు నిండా ఉండి, వాటన్నిటి మీదుగా మెరిసే నీలం-ఊదా ఒకే పొరగా పరుచుకుంటే, తోమేసి రంగు పట్టించిన సరుకు అది. సందుల్లోని మట్టి మీదుగా కూడా రంగు సాగిపోతే అది పూసినది. రెండు వైపులా అచ్చం ఒకేలా, నిండుగా ఉన్నా జాగ్రత్త. అసలు నాణేల్లో సాధారణంగా ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ. పసుపు కుంకుమ మరకల్ని టోనింగ్ అనుకోవడం మన దగ్గర ఇంకో పొరపాటు. పసుపు మరక కాంతిని ఆపేస్తుంది, టోనింగ్ కాంతిని రానిస్తుంది.

గ్రేడింగ్, అంటే నాణెం ఎంత చెడకుండా ఉందో కొలవడం, ఈ కాంతి మీదే నడుస్తుంది. ట్యూబులైటు కింద చూడకండి, చదునుగా కనిపిస్తుంది. ఒకే బల్బు ఉన్న టేబుల్ లైటు కింద, అంచులు పట్టుకుని నాణేన్ని మెల్లగా వంచి తిప్పండి. ముద్ర పడినప్పుడు లోహం మధ్యనుంచి అంచుకి పాకిన సన్నటి గీతల వల్ల, చెలామణీ కాని నాణెం మీద కాంతి పట్టీ చక్రంలా తిరుగుతుంది. టోనింగ్ ఎంత ముదురైనా ఆ చక్రం రంగు కిందనుంచి తిరగాలి. చెంప దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టీ తెగి, అక్కడి రంగు బూడిదగా, జీవం లేకుండా ఉంటే అది అరుగుదల. విక్టోరియా రూపాయిలో చెవి పైన జుట్టు, చెంప చూడాలి. ఏడో ఎడ్వర్డ్‌ది బోడి తల కాబట్టి చెవి, దాని పై వెంట్రుకలు ముందు అరుగుతాయి. అయిదో జార్జిలో కిరీటం, మీసం, అంగీ మీది ఏనుగు. ఆ ఏనుగే 1911లో పందిలా ఉందని గొడవైంది, తర్వాత బొమ్మ మార్చారు. చార్మినార్ రూపాయిలో మీనారు కొసలు, నడిమి కమాను అంచులు. అయితే ఈ నాణేల్లో ముద్రే బలహీనంగా పడినవి చాలా. అరుగుదలకీ దానికీ తేడా మెరుపే చెబుతుంది: ముద్ర పడని చోట గరుకుగా ఉన్నా మెరుపు ఉంటుంది, అరిగిన చోట నున్నగా ఉండి మెరుపు ఉండదు.

గ్రేడుకి 1949లో అమెరికా నాణేల నిపుణుడు షెల్డన్ పెట్టిన 70 మెట్ల కొలతే ఇప్పుడు లోకమంతా వాడుతున్నది. 60 నుంచి 70 దాకా ఎంఎస్ (మింట్ స్టేట్), అసలు చెలామణీ కానివి. 50 నుంచి 58 ఏయూ (అబౌట్ అన్‌సర్క్యులేటెడ్), కాస్త చేతులు మారినవి. టోనింగ్ ఉన్న నాణేల్లో డబ్బు పోయేది ఈ సరిహద్దు దగ్గరే. చెంప మీది చిన్న అరుగుదలని రంగు కప్పేస్తే ఏయూ 58ని ఎంఎస్ 63 అని అంటగడతారు. కాబట్టి మొదట రంగు లేదనుకుని గ్రేడు వేయండి, ఆ గ్రేడు ధర కట్టండి, రంగుకి ఇచ్చేది దానిపైన విడిగా లెక్కపెట్టండి. నాణేలకి గ్రేడు వేసే అమెరికా కంపెనీలు ఎన్‌జీసీ, పీసీజీఎస్. ఎన్‌జీసీ వాళ్ళు చూడ్డానికి బాగున్న నాణేనికి అంకె పక్కన నక్షత్రం పెడతారు. పీసీజీఎస్ లెక్కలో 91 అంటే అనుమానపు రంగు, 92 అంటే తోమినది. అలాంటివాటికి అంకె గ్రేడు ఇవ్వరు. మంచి గ్రేడులో తేలిగ్గా దొరికేవి 1912 నుంచి 1920 దాకా అయిదో జార్జి రూపాయలు, నేర్చుకోవడానికి అవే సరైనవి. 

లంబాడీ హారాల్లోంచి విప్పిన రూపాయలు ఇక్కడ చాలా వస్తాయి. అంచు మీద పన్నెండు గంటల చోట కొక్కెం అతికించిన టాకా మచ్చ, చుట్టూ సెగకి మారిన రంగు చూడండి. కొలిమి సెగ తెచ్చిన ఆ నీలాన్ని టోనింగ్ ధరకి అమ్ముతారు. హారం హారంగానే ఉంటే దాని విలువ వేరు, దయచేసి నాణేల కోసం విప్పించకండి.

పైన జిడ్డు, ప్లాస్టిక్ కవరు వదిలిన పచ్చటి జిగురు ఉంటే అసిటోన్ ఒక్కటే మార్గం. అది సల్ఫైడ్ పొరని ముట్టదు. లక్క, స్కెచ్ పెన్ను లాంటి పూతల్ని మాత్రం కరిగిస్తుంది, కాబట్టి కొన్ని దొంగ రంగులూ బయటపడతాయి. గోళ్ళ రంగు తీసే ద్రవం వద్దు, ల్యాబ్ కెమికల్స్ దుకాణంలో స్వచ్ఛమైనది కొనండి. రెండు గాజు గిన్నెలు. మొదటిదాంట్లో 5 నిమిషాలు, రెండోదాంట్లో కొత్త అసిటోన్‌తో 1 నిమిషం, తర్వాత గుడ్డ మీద వదిలేయండి. రుద్దొద్దు. ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోకండి: అసిటోన్ ఆవిరవుతూ నాణేన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద వాలి మచ్చలు పడతాయి. పొయ్యి, దీపం, అగరుబత్తి దగ్గరలో ఉండకూడదు. నల్లటి నాణేన్ని తెల్లగా చేసే సిల్వర్ డిప్ జోలికి మాత్రం వెళ్ళకండి. సల్ఫైడ్‌గా మారిన వెండిని అది కడిగేస్తుంది, ప్రతి ముంపుకీ ముద్ర పడినప్పటి సన్న గీతల మెరుపు కొంత పోతుంది.

నూరేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు, కాబట్టి గ్రేడింగ్‌కి విదేశానికి పంపే ముందు దాని మీది సంవత్సరం చూసుకోండి. గోదావరి ఒడ్డున కోటిలింగాల, అటు పెద్దబంకూరు లాంటి శాతవాహనుల కాలపు చోట్ల నేలలో బయటపడే నాణేల సంగతి వేరు. పది రూపాయలకు మించిన నిధి ఏది దొరికినా కలెక్టర్‌కి చెప్పాలని 1878 నాటి నిధుల చట్టం అంటుంది. మట్టిలో ఉన్న వెండికి పట్టేది ఎక్కువగా క్లోరైడ్ పెచ్చు, అది ఈ రంగుల కోవలోకి రాదు.

దాచడంలో మన ఎండాకాలమే పెద్ద పరీక్ష. మెత్తటి పీవీసీ ఆల్బం మే నెల వేడికి చెమర్చి నాణేనికి జిగురు పట్టిస్తుంది. మైలార్ కవర్లు గానీ 31 మిల్లీమీటర్ల అక్రిలిక్ క్యాప్సూల్స్ గానీ వాడండి. టేకు సొరుగు, ఉన్ని గుడ్డ, నాఫ్తలీన్ ఉండలు, కర్పూరం దూరం పెట్టండి. గట్టిగా మూత పడే డబ్బాలో నారింజ రంగు సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి వానాకాలంలో నెలకోసారి చూడండి. ఆకుపచ్చగా మారితే 110 డిగ్రీల దగ్గర గంటన్నర వేడిచేసి, మూసిన గాజు సీసాలో పూర్తిగా చల్లార్చాకే మళ్ళీ డబ్బాలో పెట్టాలి.