తాగేది ఆయన, మీటింగ్ నాకా?

మా ఆయన చేత తాగుడు మాన్పించడానికి మేం చేయని ప్రయత్నం లేదు. దేవుడి పటం ముందు ఒట్లు వేయించాం, తాయెత్తులు కట్టించాం. ఏటా అయ్యప్ప మాల వేసుకునేవారు. ఆ 41 రోజులూ ఇల్లు ఇల్లులా ఉండేది. మాల తీసిన సాయంత్రమే మళ్లీ మొదలు. "మాలలో ఉండగలిగినవాడు మామూలప్పుడు ఎందుకు ఉండలేడే?" అని మా అత్తగారు నన్ను అడిగేవారు, నాకేదో తెలిసినట్టు.

చివరికి ఆస్పత్రిలో చేర్పించాం. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చని, మతి తప్పి ప్రాణం మీదకు కూడా రావచ్చని డాక్టరమ్మ చెప్పాకే తెలిసింది. గదిలో పెట్టి తాళం వేద్దామన్న మా మరిది సలహా ఎంత ప్రమాదమో అప్పుడర్థమైంది. కూరలో కలిపే పొడుల గురించీ అడిగాను. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ లాంటి మందు మనిషికి తెలియకుండా పెడితే, అతను దాని మీద తాగితే, బీపీ పడిపోయి చనిపోవచ్చట.

డిశ్చార్జ్ రోజున ఆయన్ని ఏఏకి, అంటే తాగుడు మానాలనుకునేవాళ్ల గ్రూపు ఆల్కహాలిక్స్ అనానిమస్‌కి, నన్ను అల్‌-అనాన్‌కి వెళ్లమన్నారు. నాకు ఒళ్లు మండింది. తాగేది ఆయనైతే మీటింగులు నాకెందుకు? 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఇద్దరు తాగుబోతులు, అందులో ఒకాయన డాక్టరే, ఒకరికొకరు తోడై ఏఏ మొదలుపెట్టారట. వాళ్లలో ఒకరి భార్య లోయిస్ 1951లో మరొకావిడతో కలిసి ఇంట్లోవాళ్ల కోసం అల్‌-అనాన్ పెట్టారు. అంటే ఈ ఒళ్లు మంట నాతో మొదలైంది కాదన్నమాట.

చర్చి వెనక చిన్న హాలు, ప్లాస్టిక్ కుర్చీలు. ఇంటిపేరు అడగరు, ఫీజు లేదు. చివర్లో ఒక సంచీ తిప్పుతారు, ఇష్టమైతే వేయొచ్చు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు సలహా ఇవ్వరు. సలహాలతోనే బతికిన నాకు ఇది చాలా వింతగా అనిపించింది. ఆయన తాగడానికి నేను కారణం కాదు, ఆపడం నా చేతుల్లో లేదు, నయం చేయడమూ నా వల్ల కాదు అని అక్కడ అందరూ అనుకుంటారు. మొదట్లో ఇది చేతులెత్తేయడంలా తోచింది. మీటింగ్ అయ్యాక టీ దగ్గర ఒక అక్క, "మీ ఆయన ఆఫీసుకి జ్వరమని ఫోన్ చేసేదెవరమ్మా?" అంది. నేనే. అక్కడ నాకు విషయం బోధపడింది.

అయితే ఒక మాట. తాగొచ్చి కొట్టే మనిషితో ఉన్నవాళ్లకు ఈ గ్రూపు ఒక్కటే సరిపోదు. ముందు ప్రాణం కాపాడుకోవాలి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి.

అత్తగారి ప్రశ్నకు జవాబు బయటివాళ్లనూ రానిచ్చే ఏఏ మీటింగ్‌లో దొరికింది. వాళ్లు జీవితాంతం మానేస్తామని ఒట్టు పెట్టుకోరు. ఈ ఒక్క రోజు తాగను, అంటారు. ఆ లెక్కలో మాల తీసే రోజంటూ ఉండదు.

మధ్యలో ఒక పెళ్లిలో మళ్లీ తాగారు. పొద్దున్నే ఆఫీసుకి నేను ఫోన్ చేయలేదు. ఆయనే చేసుకున్నారు, జీతం కోత పడింది, సాయంత్రం మీటింగ్‌కి వెళ్లి అందరి ముందూ చెప్పారు. ఇప్పుడు అత్తగారు కూడా నాతో వస్తున్నారు. అక్కడ నోరు మెదపరు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మాత్రం, ఇవ్వకూడని సలహాలన్నీ నాకే ఇస్తారు.