దళానికి అన్నం ఎవరు పెట్టాలి?

1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. విశాఖ మన్యం పోరు అనగానే ఈ ఠాణాల దాడులే చెప్తారు. అల్లూరి సీతారామరాజు దళానికి అక్కడ తుపాకులు, తూటాలు దొరికాయి. బియ్యం, ఉప్పు, దారి చూపే మనిషి మాత్రం ఊళ్లోనే దొరకాలి. అసలు చిక్కంతా అక్కడే. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో మాటువేసి ఇద్దరు తెల్ల అధికారులను చంపారు. మలబారు పోలీసులు, 1924లో అస్సాం రైఫిల్స్ కూడా దిగాయి. అడవిలో దళం కనబడదు, ఊరు కనబడుతుంది. తిండి పెడితే ఒకరికి కోపం, కబురు చేరవేస్తే ఇంకొకరికి. పైగా భయంతో కొండెక్కడం మానేస్తే పోడు, అంటే కొండవాలున అడవి కొట్టి చేసే సాగు, పడిపోతుంది. విత్తే అదను తప్పితే ఆ ఏడు గింజలుండవు. 1882 అడవి చట్టం అప్పటికే పోడుకు అడ్డుపడింది. వీరగాథల్లో ఈ లెక్క ఎందుకో రాదు.