ఇది ఒరిజినల్ కాదు మహాప్రభో!

కస్టమ్స్ వాళ్లతో పోరాడి, విదేశం నుంచి తెప్పించిన రికార్డు పార్సిల్ నిన్న సాయంత్రం చేతికందుకున్నాను. కడుపుమంట చల్లారకముందే రాసేస్తున్నాను. చల్లారితే నాకే మర్యాదలు గుర్తొస్తాయి.

తెప్పించింది అమెరికన్ జాజ్ శాక్సొఫోన్ వాద్యకారుడు టీనా బ్రూక్స్ ‘ట్రూ బ్లూ’. బ్లూ నోట్ కంపెనీ 4041వ నంబరు రికార్డు, జపాన్ రీఇష్యూ, అంటే పాతదాన్ని తర్వాత అక్కడ మళ్లీ అచ్చేసింది. 1960 జూన్ 25న న్యూజెర్సీలోని ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో, సౌండ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో చేసిన రికార్డింగు ఇది. ట్రంపెట్ ఫ్రెడ్డీ హబర్డ్, పియానో డ్యూక్ జోర్డన్, బేస్ శామ్ జోన్స్, డ్రమ్స్ ఆర్ట్ టేలర్. బ్రూక్స్ బతికుండగా ఆయన పేరు మీద బయటికొచ్చిన ఆల్బం ఇదొక్కటే. 1974లో 42 ఏళ్లకే పోయాడు. ఇప్పుడు శుభ్రమైన ఒరిజినల్ ప్రెసింగ్ కావాలంటే వేల డాలర్లు పెట్టాలి. 1985లో మొజాయిక్ అనే రికార్డు కంపెనీ వాళ్లు నాలుగు ఎల్పీల పెట్టె ఒకటి వేశారు కానీ, అదీ ఇప్పుడు కలెక్టర్ల బేరమే. జీతం రాళ్లతో బతికేవాడికి రీఇష్యూయే గతి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మూర్ మార్కెట్ 1985లో తగలబడకముందు ఇలాంటివన్నీ అక్కడ కుప్పలుగా ఉండేవని చెప్పే పెద్దమనుషులు చెన్నైలో ఇంకా ఉన్నారు. వినండి, కాఫీ తాగండి, నమ్మకండి. అక్కడ కుప్పలుగా ఉండేది కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో అచ్చయిన హెచ్‌ఎంవీ సరుకు.

రీఇష్యూ ఎంచుకోవడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మోసం జరిగేది ఇక్కడే. యూరప్‌లో రికార్డింగు మీద హక్కు ఒకప్పుడు 50 ఏళ్లే. 2013లో 70కి పెంచారు కానీ, అప్పటికే గడువు తీరిపోయినవాటికి అది వర్తించలేదు. కాబట్టి 1962 వరకూ వెలువడిన జాజ్ అంతా అక్కడ ఎవరైనా అచ్చేసుకోవచ్చు. చాలామంది అచ్చేసేది మాస్టర్ టేపు నుంచి కాదు, మార్కెట్లో దొరికే సీడీ నుంచి. జాకెట్ మీద ‘180 గ్రామ్’ అని పెద్ద స్టిక్కరు ఉండి, ఏ టేపు నుంచి తీశారో, లాకర్, అంటే గాడులు కోసే మూల పళ్లెం, ఎవరు కట్ చేశారో ఎక్కడా లేకపోతే దాన్ని వదిలేయండి. బరువుకీ శబ్దానికీ సంబంధం లేదు. ‘రీమాస్టర్డ్’ అనే మాట ఒక్కటే ఉంటే అది ఏమీ చెప్పనట్టే.

బ్లూ నోట్ వాళ్లే 2019 నుంచి వేస్తున్న టోన్ పొయెట్ సిరీస్ అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు. జో హార్లీ నిర్మాణం, కెవిన్ గ్రే మాస్టరింగు, కాలిఫోర్నియాలోని ఆర్‌టీఐ అనే ఫ్యాక్టరీలో ప్రెసింగు. లేబుల్ చుట్టూ ఉండే నున్నటి భాగంలో, అంటే డెడ్ వ్యాక్స్‌లో, గ్రే చేత్తో గీసిన ‘కేపీజీ ఎట్ సీఏ’ అనే గుర్తు కనిపిస్తుంది. కాకపోతే మనకి కావాల్సిన టైటిల్ మనకి కావాల్సినప్పుడు ప్రింటులో ఉండదు. అప్పుడు జపాన్ వైపు చూడాలి. అక్కడి పాత రీఇష్యూల వినైల్ నిశ్శబ్దంగా ఉంటుంది. అక్కడి అమ్మకందార్లు వీజీ ప్లస్ (చాలా బాగుంది) అన్నది మన దగ్గర నియర్ మింట్ (దాదాపు కొత్తది) అని అమ్ముకోవచ్చు. హెచ్చు స్వరాల్లో మాత్రం వాన్ గెల్డర్ మార్కు కరుకుదనం కాస్త తగ్గుతుంది. నాకు అభ్యంతరం లేదు.

కొనేముందు మూడు ఫొటోలు అడగాలి: లేబుల్ అంచు, రెండు వైపులా డెడ్ వ్యాక్స్, ఓబీ. ఓబీ అంటే జాకెట్ ఎడమ పక్కన చుట్టి ఉండే కాగితపు పట్టీ. దాని మీద జపాన్ కేటలాగ్ నంబరు, యెన్లలో ధర అచ్చేసి ఉంటాయి. ఓబీ లేకపోతే ధర తగ్గుతుందని లేనిదాన్ని వెతుక్కునేవాళ్లున్నారు. ఆ పట్టీ ఎంత పనికొస్తుందో కింద చెబుతాను.

ప్యాకింగు గురించి అమ్మేవాడికి రెండు ముక్కలు రాయండి: రికార్డుని జాకెట్‌లోంచి తీసి వేరే ఇన్నర్ స్లీవ్‌లో పెట్టమనండి, లేకపోతే దార్లో అది ఊగి జాకెట్ అతుకు చీలుస్తుంది. రెండు వైపులా గట్టి అట్టలు, మూలల దగ్గర కనీసం రెండు సెంటీమీటర్ల ఖాళీ. డబ్బు కార్డుతో కట్టాను. ట్రాకింగు నంబరు వచ్చింది. చెన్నై వరకూ ఇబ్బందే లేదు.

ఆ తర్వాత పోస్టులో కస్టమ్స్ నుంచి ఒక ఉత్తరం. ‘ప్రకటించిన విలువ సందేహాస్పదం, పత్రాలతో హాజరు కండి.’

ఆఫీసు పేరు చెప్పను. అక్కడున్న ఆఫీసరు గారు నా పార్సిల్ విప్పేసి, రికార్డు బయటికి తీసి, బొటనవేలు సరిగ్గా గాడుల మీద ఆనించి పట్టుకుని ఉన్నారు. ఆ వేలిముద్ర చూస్తుంటే సగం ప్రాణం పోయింది. ఆయన కంప్యూటర్ తెర మీద ఒక విదేశీ వేలంలో అమ్ముడైన ‘బ్లూ నోట్ 4041’ ఉంది. అది 1960 నాటి ఒరిజినల్. ధర నాలుగంకెల డాలర్లు. నా ఇన్వాయిస్‌లో ఉన్నది దానికి ఏ మూలకీ రాదు.

“జాకెట్ అదే, నంబరు అదే, అడ్రసు కూడా అదే. విలువ తగ్గించి రాయించారు” అన్నారు.

అడ్రసు అదేనన్నది నిజమే. 47 వెస్ట్ 63వ వీధి, న్యూయార్క్. రీఇష్యూ చేసేవాళ్లు వెనక అట్టని అక్షరం పొల్లుపోకుండా దింపుతారు, కొన్నవాడి సంతోషమే దాంట్లో ఉంది. ఇది ఒరిజినల్ కాదు సార్, రీఇష్యూ అన్నాను. ఆయన ముఖం విప్పారింది. “ఒరిజినల్ కాదా? అంటే డూప్లికేటా? అయితే సీజ్ చెయ్యాలి” అన్నారు. చూశారా కిటుకు! ఒరిజినల్ అంటే రికార్డు ఖరీదుకి ఎన్నో రెట్లు సుంకం, కాదంటే దొంగసరుకు. నాలుగు రికార్డుల ముఖం చూసినవాడెవడూ ఇలాంటి ప్రశ్న వేయడు. హాలంతా నా వైపు చూస్తోంది. నేనేదో బర్మా బజార్ సరుకుతో పట్టుబడినట్టు.

పక్క సీటు గుమస్తా మన గూడూరాయన. తలెత్తకుండానే తెలుగులో అన్నాడు: “ఆయనతో నోటితో వాదించకండి సార్. కాగితం పెట్టండి. కాగితం మీద కాగితమే రాయాలి ఆయన.” ఆ ఆఫీసు మొత్తంలో జీతానికి న్యాయం చేసిన మాట అదొక్కటే.

కాగితం ఎలా పెట్టాలో వివరంగా చెబుతాను, మీలో ఎవరికో అవసరం పడుతుంది.

కస్టమ్స్ చట్టం 1962లో 14వ సెక్షన్ ప్రకారం విలువ అంటే కొన్నవాడు నిజంగా చెల్లించిన ధర. 2007 నాటి విలువ నిర్ధారణ నియమాల్లో 3వ నియమం కూడా అదే. ఆఫీసరుకి సందేహం వస్తే 12వ నియమం కింద అడగొచ్చు. కానీ మనం కోరితే ఆ సందేహానికి కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి, మన మాట వినే అవకాశమూ ఇవ్వాలి. అంటే ముందు చెయ్యాల్సిన పని గొంతు పెంచడం కాదు, ‘కారణాలు రాసివ్వండి’ అని ఒక ఉత్తరం ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోవడం. ముద్ర వెయ్యను అంటారు. అక్కడే నిలబడండి. వేస్తారు.

అసలు మందు 2వ నియమంలో ఉంది. పోల్చడానికి వీలైన ‘అచ్చంగా అలాంటి సరుకు’ అంటే ఏమిటో అక్కడ నిర్వచించారు: భౌతిక లక్షణాలు, నాణ్యత, పేరుప్రతిష్ఠల్లో అన్నివిధాలా ఒకటే అయి ఉండాలి. పైగా అదే దేశంలో తయారై ఉండాలి. ‘దాదాపు అలాంటి సరుకు’కి కూడా దేశం షరతు ఉంది. ఆయన తెర మీదున్నది అమెరికాలో నొక్కిన రికార్డు. నాది జపాన్‌లో నొక్కింది. ఇక పోలికే చెల్లదు. తేలాల్సింది ఒక్కటే: ఇది జపాన్‌దని చూపించడం.

దానికి జతచేసినవి: ఇన్వాయిస్, కార్డు స్టేట్‌మెంట్లో ఆ చెల్లింపు వరస, అమ్మకందారు పెట్టిన వివరాల పేజీ ప్రింటు, ఓబీ ఫొటో, లేబుల్ అంచు ఫొటో. లేబుల్ అంచున చీమతలంత అక్షరాల్లో జపాన్ తయారీ కంపెనీ పేరు ఉంటుంది. ఓబీ మీద యెన్ల ధర చూసేసరికి ఆఫీసరు గారు మొదటిసారి ‘ఊఁ’ అన్నారు. ఒరిజినల్ అయితే దాని మీద యెన్లెందుకుంటాయి?

చివరిగా డెడ్ వ్యాక్స్. ఫోన్ టార్చి పైనుంచి కొడితే ఏమీ కనపడదు, అంతా మెరిసిపోతుంది. టార్చిని రికార్డు ముఖానికి దాదాపు సమాంతరంగా పట్టుకుని ఏటవాలుగా వెయ్యాలి. అప్పుడు గీతలు నీడతో లేస్తాయి. ఒరిజినల్ బ్లూ నోట్‌లో అక్కడ ఉండాల్సినవి వాన్ గెల్డర్ గుర్తు, ప్లాస్టీలైట్ ఫ్యాక్టరీ గుర్తు. మొదటిది ‘ఆర్‌వీజీ’ అని చేత్తో గీసిందో, అచ్చుతో కొట్టిందో, లేదా పేరంతా అచ్చుతో కొట్టిందో. రెండోది మెలితిప్పిన పి అక్షరం, చూడ్డానికి చెవిలా ఉంటుంది. ఆర్‌వీజీ ఒక్కటి చూసి మురిసిపోకండి, పాత లోహపు అచ్చులు వాడిన తర్వాతి ప్రెసింగుల్లోనూ అది ఉంటుంది. చెవి అలా కాదు. బ్లూ నోట్ కంపెనీ లిబర్టీ రికార్డ్స్ వాళ్ల చేతికి పోయాక, 1966 నుంచి అది మాయమైంది. నా రికార్డులో చెవీ లేదు, ఆర్‌వీజీ లేదు. జపాన్ వాళ్ల మ్యాట్రిక్స్ నంబరు, అంతే. ఒరిజినల్ డెడ్ వ్యాక్స్ ఫొటో పక్కన పెట్టి, ఎక్కడ ఏముండాలో ఎర్ర పెన్నుతో బాణాలు గీసి ఇచ్చాను. ప్రపంచంలో కలెక్టర్లంతా చెవి ఉందని నిరూపించడానికి చస్తుంటే నేను లేదని నిరూపించాల్సి వచ్చింది.

డూప్లికేటు అన్న మాటకి జవాబు కూడా అదే అంచు మీద ఉంది: తయారీదారు పేరు, కేటలాగ్ నంబరు, హక్కుల వాక్యం. దొంగముద్ర వేసేవాడు తన పేరు రాసుకోడు.

కారణాలు రాసివ్వమన్న నా ఉత్తరానికి జవాబు మాత్రం రాలేదు. ప్రకటించిన విలువనే ఒప్పుకున్నట్టు చిట్టీ వచ్చింది. క్షమాపణ లాంటిది ఆశించకండి, పైగా “ఇంత చిన్నదానికి ఇన్ని కాగితాలా?” అని అడిగారు ఆఫీసరు గారు. కనీసం ఇరవై మంది చేత ఆయనే అడిగించుకోవాల్సిన ప్రశ్న అది, దాన్ని ఆయన నన్నడిగారు.

చిట్టీ వచ్చాక లెక్క సరిచూసుకోండి. సుంకం వేసేది రికార్డు ధర మీదే కాదు, రవాణా ఖర్చు కూడా కలిపి. డాలరు రేటు బ్యాంకుది కాదు, కస్టమ్స్ ప్రకటించేది. బేసిక్ సుంకం 10 శాతం అనుకుంటే, వంద రూపాయల సరుకు మీద 10, ఆ పది మీద సర్‌చార్జి 1, మొత్తం 111 మీద ఐజీఎస్టీ. శాతాలు బడ్జెట్‌కోసారి మారుతుంటాయి, ఆ రోజు రేటు చూసుకోండి. సుంకాల పట్టికలో ఏ శీర్షిక కింద వేశారో కూడా చూడండి: గ్రామఫోన్ రికార్డులకి 8523 ఉంది, సొంత వాడకానికి తెప్పించుకున్నవాటిని 9804 కింద వేస్తారు. రెండింటికీ రేటు వేరుగా ఉండొచ్చు.

ఒక మాట తెగేసి చెబుతాను. ‘గిఫ్ట్ అని రాయించెయ్’ అని సలహా ఇచ్చే మిత్రుడు ప్రతివాడికీ ఒకడుంటాడు. గిఫ్టులకి ఉన్న 5,000 రూపాయల మినహాయింపు 2019 డిసెంబరులోనే పోయింది, రాఖీలకి, ప్రాణరక్షక మందులకి తప్ప. పైగా గిఫ్ట్ అని రాసి ఉంటే ఇన్వాయిస్ చూపించలేరు, ఇన్వాయిస్ లేకపోతే నేను చెప్పిన వాదమంతా గాలికి. విలువ తక్కువైతే సీఎన్ 22, ఎక్కువైతే సీఎన్ 23 ఫారం అంటిస్తారు. దాని మీద ‘గ్రామఫోన్ రికార్డు, 1, జపాన్ తయారీ, రీఇష్యూ’ అని రాయమని అమ్మేవాడికి ముందే చెప్పండి. నిజమైన ధర వేయమనండి. ఇన్వాయిస్ కాపీ పార్సిల్ పైన ప్లాస్టిక్ కవర్లో పెట్టించండి. లోపల పెడితే అది చూడ్డానికి వాళ్లు విప్పుతారు, విప్పితే బొటనవేలు.

డబ్బు కట్టాక పోస్ట్‌మ్యాన్ ఇంటికే తెచ్చిచ్చాడు. రికార్డు వంగలేదు, జాకెట్ చీలలేదు. వేలిముద్ర మాత్రం ఉంది. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 50 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి, మెత్తని బ్రష్షుతో గాడి వెంటే తిప్పుతూ కడిగాను, తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. ముద్ర పోయింది. ఇదే మందు 78 ఆర్‌పీఎం లక్క రికార్డుల మీద పొయ్యకండి, ఆల్కహాల్‌కి లక్క కరిగిపోతుంది. లేబుల్ తడవనివ్వకండి. మన సముద్రపు గాలికి కాగితపు ఇన్నర్ స్లీవ్‌లో బూజు పట్టడం ఖాయం, అది తీసి జాకెట్ వెనకే దాచి, రికార్డుని పాలిథీన్ లైనింగ్ ఉన్నదాంట్లో పెట్టండి. బయటి కవరు పాలీప్రొపిలీన్ కొనండి. మెత్తగా ముద్దొచ్చే పీవీసీ కవర్లు అమ్ముతుంటారు, నెలల తరబడి ఉంచితే వాటిలోని నూనె వినైల్ మీదికి దిగి మసకగా మచ్చ కడుతుంది, అది కడిగినా పోదు.