డ్యూక్ గారి జంక్షన్

లండన్ మెరిలబోన్‌లో ఎక్కితే ఎయిల్స్‌బరీ వేల్ పార్క్‌వే దాకానే ప్రయాణికుల రైలు. పట్టాలు మాత్రం అక్కడితో ఆగవు. పొలాలకు అడ్డంపడి ఇంకొంచెం పైకి పోయి, క్వెయింటన్ రోడ్ అనే పాత స్టేషన్‌ని నిలువునా చీల్చుకుంటూ సాగుతాయి. ఆ స్టేషన్‌ని 1963 మార్చిలో ప్రయాణికులకు మూసేశారు. ఇప్పుడది బకింగ్‌హాంషైర్ రైల్వే సెంటర్, అంటే రైళ్ళ మ్యూజియం.

మా బాబాయి గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఇంగ్లండు వచ్చినవాడికి రాణిగారి కోటలు చూపిస్తామంటే మొహం చిట్లించి, బొగ్గింజన్లు ఎక్కడున్నాయని అడిగాడు. అందుకని మిల్టన్ కీన్స్ నుంచి ఒక ఆదివారం ఇటు బయల్దేరాం.

కారు దిగీ దిగగానే ఆయన మొదటి ప్రశ్న: "ఊరేదిరా అబ్బాయ్?"

న్యాయమైన ప్రశ్నే. ఊరు మైలు దూరాన, గుట్ట కింద ఉంది. 1830ల నాటి గాలిమర ఒకటి ఇటునుంచే కనిపిస్తుంది. మరి జనం లేనిచోట ఇన్ని లైన్లు వచ్చి ఎందుకు కలిశాయి? జమీందార్ల అవసరం, ఒక రైల్వే కంపెనీ చైర్మన్‌గారి ఆశ. అంతే.

ఎయిల్స్‌బరీ నుంచి ఉత్తరాన వర్నీ జంక్షన్ దాకా ఈ లైను 1868లో మొదలైంది. అక్కడా ఊరు లేదు. స్టేషన్‌కి పెట్టడానికి ఊరి పేరు లేక, ఆ భూమి యజమాని సర్ హ్యారీ వర్నీ పేరు పెట్టారు. ఈయన భార్య ఫ్లోరెన్స్ నైటింగేల్‌కి అక్క. ఇంకో పెద్దమనిషి మూడో బకింగ్‌హాం డ్యూక్. తండ్రి అప్పులపాలై 1848లో వాళ్ళ స్టో భవనంలోని సామాన్లన్నీ వేలానికి పోతే, కొడుకు తేరుకుని లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేకి చైర్మన్ దాకా ఎదిగాడు. ఆయన వాటన్ ఎస్టేటు ఈ లైనుకి పడమరగా ఉంది. ఎవర్నీ బతిమాలకుండా తన భూమిలో తన కూలీలతో తనే ట్రామ్‌వే, అంటే చిన్న రైలు లైను, వేయించుకున్నాడు. సొంత నేల కాబట్టి పార్లమెంటు చట్టం కూడా అక్కర్లేకపోయింది. 1871లో మొదలుపెట్టి, మరుసటేడు బ్రిల్ ఊరిదాకా పొడిగించారు. అలా క్వెయింటన్ రోడ్ జంక్షన్ అయింది.

మొదట గుర్రాలు లాగాయి. 1872లో ఎవెలింగ్ అండ్ పోర్టర్ కంపెనీ ఇంజన్లు వచ్చాయి. రోడ్డు రోలర్లు చేసేవాళ్ళ తయారీ కదా, పక్కన పెద్ద ఫ్లైవీలు, చక్రాలు తిప్పడానికి గొలుసు. బ్రిల్ నుంచి ఇక్కడికి ఆరున్నర మైళ్ళు రావడానికి గంటన్నర పైనే పట్టేది. బాబాయి లెక్క కట్టి, "నడిచినా అంతేగా" అన్నాడు. పాలు, ఎండుగడ్డి లండన్ వైపు, బొగ్గు, ఎరువు ఎస్టేటు వైపు. బ్యాంకర్లు రాత్‌చైల్డ్‌ల వాడెస్‌డన్ మేనర్ అనే మేడ కట్టడానికి సామాను కూడా ఈ బుల్లి లైనుమీదే వెళ్ళింది.

ఇంతకీ ఈ డ్యూక్ మనకు కొత్తవాడేం కాదు. 1875 నుంచి 1880 దాకా మద్రాసు గవర్నరు ఈయనే. 1876-78 నాటి ధాత కరువు ఆయన హయాంలోనే వచ్చింది. కరువు పనుల కింద మద్రాసులో కూవం, అడయారు నదులను కలుపుతూ తవ్వించిన ముక్కతో కలిపి, పెదగంజాం వైపు సాగిన ఆ ఉప్పునీటి కాలువకి 1878లో ఆయన పేరు పెట్టారు. చిన్నప్పటినుంచీ బకింగ్‌హాం కాలువ అంటూనే ఉన్నాం, ఆ బకింగ్‌హాం ఎవరో ఎన్నడూ అడగలేదు. కరువు ఖర్చు తగ్గించమని వైస్రాయి లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్‌తో మద్రాసు ప్రభుత్వానికి పడలేదన్నది నిజమే. అయినా జనం లక్షల్లో పోయారు. డ్యూక్‌ని పొగిడే పలకలు చూసినప్పుడు ఇది కూడా గుర్తుపెట్టుకోవాలి.

1891లో ఎయిల్స్‌బరీ లైనుని మెట్రోపాలిటన్ రైల్వే కొనేసింది. లండన్‌లో భూమికింద బండ్లు నడిపే కంపెనీకి ఈ పొలాల్లో పనేమిటంటే, చైర్మన్ ఎడ్వర్డ్ వాట్కిన్ ఆలోచన వేరు. మాంచెస్టర్‌లో ఎక్కినవాడు సముద్రం కింద సొరంగంలోంచి పారిస్‌లో దిగాలి. సొరంగం తవ్వకం 1882లోనే ఆపేశారు గానీ, ఉత్తరాదినుంచి గ్రేట్ సెంట్రల్ లైను మాత్రం వచ్చింది, క్వెయింటన్ రోడ్‌కి కాస్త పైన కలిసింది, 1899లో మెరిలబోన్ తెరిచారు. ఇక విడ్డూరం చూడండి: వర్నీ జంక్షన్ నుంచి లండన్‌కి 1910లో పుల్మన్ అనే విలాసమైన పెట్టెలు వేశారు. ఎక్కేవాళ్ళు లేనిచోట నుంచి కూర్చుని ఫలహారం చేస్తూ ప్రయాణం!

1933లో అంతా లండన్ ట్రాన్స్‌పోర్ట్ అనే నగర రవాణా సంస్థ చేతికొచ్చింది. లెక్కలు చూసుకున్నారు. బ్రిల్ లైను 1935 నవంబరు 30న ఆఖరు. వర్నీ జంక్షన్‌కి లండన్ బండ్లు 1936లో ఆగాయి. క్వెయింటన్ రోడ్‌లో గూడ్సు 1966 దాకా నడిచింది. 1969 నుంచి ఔత్సాహికులు దీన్ని చేతుల్లోకి తీసుకున్నారు.

బ్రిల్ బండి ఆగిన ప్లాట్‌ఫాం ఇంకా ఉంది, దాని ముందు కాస్త పట్టా ఉంది. బాబాయి వంగి ప్లాట్‌ఫాం అంచు ఎత్తు చేత్తో కొలిచి చూసుకున్నాడు. నాకైతే ఆక్స్‌ఫర్డ్ నుంచి విప్పి తెచ్చి ఇక్కడ బిగించిన రూలీ రోడ్ స్టేషన్ హాలు నచ్చింది. 1851లో లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు, ఇనుప ప్రదర్శనశాల కట్టిన కాంట్రాక్టర్లదే ఆ పని. పోత ఇనుప స్తంభాలు. విప్పి బిగించగలిగే పద్ధతి కాబట్టే మిగిలింది. 1898 నాటి మెట్రోపాలిటన్ ఒకటో నంబరు ఇంజను ఈ సెంటర్‌దే. 2013లో అండర్‌గ్రౌండ్, అంటే లండన్ భూగర్భ రైలు, 150 ఏళ్ళ పండగకి లండన్ సొరంగాల్లో మళ్ళీ పొగ వదిలింది.

ఆవిరి బండిమీద చిన్న చుట్టు తిప్పారు. డ్రైవరుగా చేస్తున్న పెద్దాయన బాబాయిని ఇంజను దగ్గరికి పిలిచాడు. ఒకరి ఇంగ్లీషు ఒకరికి అర్థం కాలేదు గానీ, బాయిలర్ నీటి గాజుగొట్టం చూపిస్తూ ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. బయటికొచ్చేసరికి బాబాయి తెల్లచొక్కా చేతిమీద మసి. పిన్నికి ఫొటో పంపాడు.

తిరుగుదారిలో వర్నీ జంక్షన్ వైపు కారు తిప్పాం. దాని మీదుగా ఆక్స్‌ఫర్డ్, బ్లెచ్లీ మధ్య పట్టాలు కొత్తగా వేశారు, స్టేషన్ మాత్రం పక్కనున్న విన్‌స్లోకి ఇచ్చారు. "అక్కడైతే జనం ఉన్నారు మరి" అన్నాడు బాబాయి. టిఫిన్ ఎక్కడ దొరుకుతుందో చూడమన్నాడు.